పది లెక్కపెట్టినాక

సెప్టెంబర్ 16, మంగళవారం

మందుల కంపెనీ ఆయన జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. తొమ్మిది నెలలు సొరుగులో అట్లే పడుండె. ఈ పొద్దు రాయల్లనిపించింది. ఎవరితోనన్నా చెప్తే ఇంకా ఏమేమో చెప్పేస్తానని భయం, పేపరుతో ఆ భయం లేదు.

సర్వర్ కంపెనీ పంపిన మెయిలు ఒకటి చూసినా. వచ్చి పద్నాలుగు నెలలైందంట. పండగ ఆఫర్ల మెయిళ్ళ కింద పడి దాక్కుని ఉండాది. మా ఆదోని ఆస్పత్రి సర్వర్లో ఉండే రకం డిస్కుల్లో లోపం ఉండాదంట. సరిగ్గా నలభై వేల గంటలు నడిచినాక ఆగిపోతాయంట, మళ్ళా లేవవంట, లోపల ఉండేది కూడా రాదంట. డిస్కును నడిపించే చిన్న ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, ముందే మార్చుకుంటే ఏమీ కాదంట.

ఒకటి పోతే ఇంకొకటి కాపాడతాదని నాలుగు డిస్కులు పెట్టుకున్నాం. నాలుగూ ఒకే సాయంత్రం ఆన్ చేసినవే, కరోనా కాలంలో, నా చేత్తోనే. ఒకే గంటకు నాలుగూ పోతాయి. ఏం తెలివప్పా రాఘవేంద్రా నీది.

గంటలెన్నైనాయో చూసినా. 39,568. ఇంకా 432 ఉండాయి. అంటే అక్టోబర్ 4, శనివారం, పగలు పదకొండు ఇరవైకి. దసరా రాత్రి దేవరగట్టు జాతరలో కట్టెలతో తలకాయలు పగిలినోళ్ళంతా ముందు రోజే మా దగ్గరికి వచ్చింటారు. వాళ్ళ స్కానులన్నీ దీంట్లోనే ఉంటాయి.

భయపడల్ల కదా, కానీ సంతోషమైంది. చూడకపోయింటే? చూసినా కదా. పద్దెనిమిది రోజులు చేతిలో ఉండాయి. క్యాంటీన్‌కు పోయి ఉగ్గాని తిన్నా, రెండు బజ్జీలు ఎక్కువే తిన్నా.

సెప్టెంబర్ 17, బుధవారం

మహేశ్వర్ సార్ దగ్గరికి పోయినా. ఆస్పత్రి నడిపించేదంతా ఆయనే. అంతా విన్నాడు. విని, పండగ అయిపోనీలే రాఘవా, దీపావళి ముందర చూద్దాం అన్నాడు. పండగ అయ్యేలోపల డిస్కులే అయిపోతాయి సార్ అన్నా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అట్ల తుడిచినాడంటే ఇంక ఒప్పుకోడని అర్థం.

"పోయినేడు ఎమ్మిగనూరు బ్రాంచిలో సర్వర్ మిషన్‌ను చంపింది ఇట్లాంటి అప్‌డేటే కదా?" అన్నాడు.

కాదు సార్, హనుమక్క ఆపేసింది కాబట్టి పోయింది అని చెప్పినా. ఆ బ్రాంచిలో పనిచేస్తాండిన ఆయమ్మ. ఆ మాట ఆలోచన లేకుండా నోట్లోంచి వచ్చేస్తాది. సంవత్సరం నుంచి చెప్తాండా కదా.

అయితే ఈడ కూడా ఎవరో ఒకరు ఆపరని ఏం నమ్మకం, అది అయ్యే పని కాదు, తొమ్మిది రోజులు ఎమ్మిగనూరు జనం ఒక్క ఎక్స్‌రే కోసం బస్సెక్కి ఆదోనికి వచ్చినారు, మర్చిపోయినావా అని అడిగినాడు. నేనేమీ మర్చిపోలేదు.

ఆ పొద్దు హనుమక్కకు నేను చెప్పే వచ్చినా. మిషన్ ముట్టద్దు అని చెప్పినా.

సెప్టెంబర్ 18

39,616.

చెప్పినా అనుకుంటా.

సెప్టెంబర్ 19, శుక్రవారం

అనుమతి రాకపోతే మానె, బ్యాకప్ అన్నా సరిచూసుకుందామని కూర్చున్నా. బ్యాకప్ ఉండాది అనుకోవడం వేరు, దాన్ని వెనక్కి తెచ్చి కళ్ళతో చూడడం వేరు. హాలహర్వి ముసలాయన ఒకాయన మోకాలి ఎక్స్‌రే ఒకటి ఎంచుకుని, వేరే మిషన్లోకి వెనక్కి తెచ్చినా. వచ్చింది. ఎముక, చీలిక, తేదీ, అంతా వచ్చింది. ఆ ముసలాయన మోకాలు చూసి నేను అంత సంతోషపడతానని ఆయనకు తెలిస్తే తిక్కోడనుకుంటాడు.

అంటే అంతా పోయినా అంతా పోదు. కానీ మిషన్ లేచేదాకా ఎన్ని రోజులు? పోయినేడు ఎమ్మిగనూరులో మిషన్ లోపలి బోర్డు ఒక్కటి రావాలంటేనే తొమ్మిది రోజులు పట్టె. ఈడ తలకాయ పగిలినోడు తొమ్మిది రోజులు ఆగుతాడా.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎమ్మిగనూరు బ్రాంచికి పోయినా. ఆడ ఉండే మిషన్లో కూడా ఇదే రకం డిస్కులే, రెండే. గంటలు చూస్తే ఇంకా ఇరవై ఎనిమిది వేలే. దానికి తొందర లేదు. ముందు దాంట్లో చేసి చూసి, తర్వాత ఆదోనిలో చేస్తే మేలు. చిన్నదాంట్లో తప్పు చేస్తే చిన్న తప్పు. అనుమతి ఇస్తే కదా.

వచ్చేటప్పుడు బస్టాండులో హనుమక్క కనపడింది.

పత్తి తీసే కూలోళ్ళ ఆటో దిగుతాండాది. నడుముకు సంచి, చేతివేళ్ళు గీరుకుపోయి ఉండాయి. సంవత్సరంలో శానా సన్నబడింది. నేను పక్కకు తిరిగినా. ఆమె నన్ను చూసే వచ్చింది.

బాగుండావా అప్పా అని అడిగింది. మీ ఇంటామె శోభమ్మ బాగుండాదా, బ్రాంచిలో నా చెంబు ఒకటి ఉండిపోయింది, ఎవరన్నా వాడుకుంటాండారా అని అడిగింది. అన్నిటికీ ఊఁ కొట్టినా. బస్సు యాడుండాదా అని చూస్తాండా. అప్పుడు అడిగింది.

"ఒక మాట సెప్పు అప్పా. ఆ పొద్దు నేను పది లెక్కబెట్టింది సరిగ్గానే లెక్కబెట్టినానా? తొందరగా లెక్కబెట్టింటానా?"

సరిగ్గానే లెక్కపెట్టినావు అన్నా. మరి మిషన్ ఎందుకు సచ్చిపాయ అనింది. బస్సు వచ్చింది. ఎక్కేసినా.

ఆదోని దాకా నిలబడే వచ్చినా. సీటు ఖాళీగానే ఉండె.

సెప్టెంబర్ 22, సోమవారం

చెప్పలేదు.

నేను హనుమక్కకు చెప్పలేదు. ముట్టద్దు అని ఒక్క మాట చెప్పలేదు. ఇది రాసేకి సంవత్సరం పట్టింది.

పోయినేడు ఆయుధ పూజకు ముందు రోజు ఎమ్మిగనూరు సర్వర్లో అప్‌డేటు ఎక్కించినా. అప్పుడు చేసింది డిస్కులకు కాదు, బోర్డుకు. మిషన్‌ను మళ్ళా స్టార్ట్ చేసినప్పుడు తనంతట తానే పని మొదలుపెట్టేటట్లు పెట్టి, ఆదివారం వచ్చి నేనే స్టార్ట్ చేస్తాలే అనుకుని ఆదోనికి వచ్చేసినా. మధ్యలో ఆయుధ పూజ ఉండాదని తెలుసు. ఊరంతటికీ తెలుసు. ఆ పొద్దు మగ్గానికీ రెస్టే, లారీకీ రెస్టే, కుట్టు మిషన్‌కూ రెస్టే. మా హనుమక్క ప్రతి సంవత్సరం చేసినట్లే పేషంట్లు పోయినాక కంప్యూటర్లన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, పూలు పెట్టి, టెంకాయ కొట్టి, మళ్ళా ఆన్ చేసింది. ప్రతి సంవత్సరం లేచే మిషన్ ఈసారి లేవలేదు. స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. లోపల దాని పని అది చేసుకుంటాండాది, ఆమెకేం తెలుసు.

నాకు ఫోన్ చేసింది. మూడు సార్లు.

నేను ఇంటి ముందర నా బండి కడిగి పూలదండ కడతాండా. ఫోన్ లోపల చొక్కా జేబులో ఉండె. తర్వాత చూసుకున్నా. గుమ్మడికాయ యాడ పగలగొట్టల్ల అని అడిగేకి చేసింటాదిలే అనుకుని మళ్ళా చేయలేదు.

అప్పుడు ఆమె నేను నేర్పిచ్చిందే చేసింది. మిషన్ బిగుసుకుపోతే బటన్ నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టు హనుమక్కా, అది ఆగిపోతాది, మళ్ళా ఆన్ చెయ్యి అని నేర్పిచ్చినోడిని నేనే. పది లెక్కపెట్టింది. సగంలో పని ఆగి బోర్డు చచ్చిపోయింది.

ఎవరు ఆపినారు అని సార్ అడిగినప్పుడు హనుమక్క అన్నా. నీకు ఫోన్ చేసినా అంటాండాది కదా అంటే రాలేదు సార్ అన్నా. వారంలో ఆమెను తీసేసినారు. ఆ మూడు కాల్స్ ఫోన్లోంచి తుడిచేసినా. తుడిచేముందు ఫోటో తీసి పెట్టుకున్నా, ఎందుకో నాకే తెలీదు.

రాసినాక నిద్ర వచ్చింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

శోభకు చెప్పినా. పప్పు రుబ్బుతాండె, ఆపలేదు. అంతా విని, గ్రైండర్ ఆపి అడిగింది.

"నాకు చెప్పి ఏం లాభం? నేనేమన్నా ఆమెను పనిలోంచి తీసినానా?"

అంతే. మళ్ళా గ్రైండర్ వేసింది. తిట్టింటే బాగుండు.

సెప్టెంబర్ 24, బుధవారం

39,760 గంటలప్పుడు సార్ రూములోకి పోయినా. బయటికి వచ్చేసరికి 39,761.

ముందు ఫోన్ టేబుల్ మింద పెట్టినా. ఆ ఫోటో తెరిచి. హనుమక్క, హనుమక్క, హనుమక్క, మూడు ఎర్ర గీతలు. ఇదేంది అన్నాడు. పోయినేడు రాలేదని చెప్పిన ఫోన్లు సార్ ఇవి అన్నా. తర్వాత అంతా చెప్పినా. వరసగా చెప్పలేదు, ముందుది వెనక, వెనకది ముందర, బండికి కట్టిన పూలదండ కూడా చెప్పినా. ఆ దండతో ఆయనకేం పని.

సార్ ఫోన్ చేతికి తీసుకుని ఆ మూడు గీతలు మళ్ళా చూసినాడు. కళ్ళజోడు తుడుచుకోలేదు. తర్వాత బాగా తిట్టినాడు. ఆ తిట్లు రాయను, అన్నీ నిజాలే. నిన్నమొన్నటి దాకా ఆయన ఎమ్మిగనూరు పేరు ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు తడుముకుంటాంటి. ఈ పొద్దు తిట్లు పడతాంటే ఇంక తడుముకునే పని లేదనిపించింది. నవ్వు కూడా వచ్చింది, మింగేసినా.

తిట్టడం అయినాక ఆయనే అడిగినాడు, అయితే ఆ అప్‌డేటు మిషన్‌ను చంపలేదా అని. లేదు సార్, మధ్యలో ఆపితేనే పోతాది, దాన్ని ఆపకుండా చూసుకోవడం నా పని, నేను చూసుకోలేదు అన్నా.

"ఈ మాట వారం ముందర చెప్పింటే వారం ముందరే ఒప్పుకుందును కదయ్యా" అన్నాడు.

నాకు మెమో ఇస్తాడంట. సర్వీసు ఫైల్లో ఉంటాదంట. ఉండనీ. శుక్రవారం ఎమ్మిగనూరులో చేసి చూడమన్నాడు, అది బాగుంటే ఆదివారం పొద్దున ఆదోనిలో. హనుమక్కను మళ్ళా తీసుకుంటారంట, కానీ పిలిచేకి ఆఫీసు నుంచి కాగితం పోదంట, నువ్వే పోయి పిలువు అన్నాడు.

అదొక్కటే కష్టమైంది.

సెప్టెంబర్ 25, గురువారం

హనుమక్క ఊరు కడిమెట్లకు పోయినా. హనుమక్క చేనికాడ ఉండాదన్నారు, చేనికే పోయినా. పత్తిచెట్ల మధ్యలో నిలబెట్టే చెప్పినా. నీ లెక్క తప్పు కాదు, నేను నీకు చెప్పకుండా పెట్టిపోయినా, నీ ఫోన్లు వచ్చినాయి, రాలేదని అబద్ధం చెప్పినా అని.

ఏడుస్తాది అనుకున్నా, లేకపోతే తిడతాది అనుకున్నా. రెండూ చెయ్యలేదు. ఇంకో నాలుగు కాయల్లోంచి పత్తి తీసి సంచిలో వేసుకుంది.

"సంవత్సరం అప్పా" అనింది. "ఈ చేన్లో కూడా పది లెక్కబెట్టుకుంటాంటి. యాడ తప్పు పోయిందా అని."

క్షమించమని అడిగినా. సంచి ముడి బిగించుకుంది. పనికి వస్తావా అంటే వస్తా అనింది, ఈ పత్తి మాటిచ్చినా, రేపు మాపటికి ముగించి వస్తా అనింది. లేదు, రేపు పొద్దునే మిషన్ పని ఉండాది, నువ్వుంటే బాగుంటాది అంటే, తోడు కూలోళ్ళను పిలిచి మాట్లాడింది. వాళ్ళు ఒప్పుకున్నారు. నేను గట్టు దాటేటప్పుడు వెనకనుంచి పిలిచింది.

"ఒకటి అప్పా. నేను ఫోన్ చేస్తే ఎత్తల్ల. అంతే."

సెప్టెంబర్ 26, శుక్రవారం. ఎమ్మిగనూరు

చేసినా. అయింది.

తలుపుకు ఒక కాగితం అంటించినా: ముట్టద్దు. ఆపద్దు. నల్లగా ఉంటే నల్లగానే ఉండనీ. కింద నా ఫోన్ నంబరు. కంపెనీ రాసిన కాగితాలన్నీ ఈసారి మొదటి నుంచి చివరి దాకా చదివినా, కింద సన్న అక్షరాలతో సహా. హనుమక్క స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని, వేలి కణుపుల మింద పదులు లెక్కపెట్టింది. అరవై ఏడు పదులకు మిషన్ లేచింది. నా ఫోన్లో పదకొండు నిమిషాల పది సెకండ్లు. ఈమె లెక్క తప్పని సంవత్సరం నమ్మించినా నేను.

ఆమె చెంబు బీరువా వెనక దొరికింది.

సెప్టెంబర్ 27, శనివారం

కరెంటు సంగతి. ఆదోని కరెంటును నమ్మి పని మొదలుపెట్టేవాడు మూర్ఖుడు. ఎలక్ట్రీషియన్ వీరన్నను పిలిచి, ఆ మిషన్లకు కరెంటు పోతే కాపాడే బ్యాటరీల మింద అరగంట నడిపించి చూసినా. నాలుగు నిమిషాలకే కూత మొదలుపెట్టింది. ఒక బ్యాటరీ ఉబ్బి ఉండాది. వీరన్న నన్ను చూసి, ఎన్నాళ్ళాయె అన్నా దీన్ని చూసి అన్నాడు. మార్చెయ్ వీరన్నా అన్నా. సాయంత్రానికి కొత్తది వేసినాడు, అరగంట కూత లేకుండా నడిచింది.

ఇది రేపు కనపడకుండా ఈ పొద్దు కనపడింది. ఈ వారంలో అన్నీ ఒక రోజు ముందరే కనపడతాండాయి. నాకు అలవాటు లేదు, బాగుండాది.

సెప్టెంబర్ 28, ఆదివారం

పొద్దున ఎనిమిదికి. పేషంట్లు లేరు, ఎమర్జెన్సీ వాళ్ళకు గంటసేపు కాగితాల మింద రాసుకోండి అని చెప్పినా. నిన్నటి దాకా ఉండే బ్యాకప్ ఇంకోసారి చూసుకున్నా. సార్ వచ్చి వెనక నిలబడినాడు. హనుమక్క పనిలో చేరే కాగితం మింద సంతకం పెట్టేకి వచ్చింది, పెట్టినాక పోకుండా స్టూలు తెచ్చుకుని కూర్చుంది.

మొదలుపెట్టినా. స్క్రీన్ నల్లగా అయింది.

పదకొండు నిమిషాలు బాగుంటి. పదకొండు దాటినాక బాగలేకపోతి. పన్నెండు. పద్నాలుగు. ఎమ్మిగనూరులో పదకొండుకే లేచింది కదా. ఫోన్లో టైము మళ్ళా చూసినా. పోయింది అనుకున్నా. నలభై వేల గంటలు అయ్యేదాకా ఆగకుండా నేనే ఈ పొద్దే చంపేసినా అనుకున్నా. సార్ ఏమైంది రాఘవా అన్నాడు. పదహారో నిమిషం నా చెయ్యి బటన్ మింద ఉండాది. పెట్టింది నాకు తెలీదు. ఈడ తలుపుకు కూడా అదే కాగితం అంటించినా, నా చేత్తో రాసిందే. అయినా చెయ్యి పోయింది.

నా మణికట్టు మింద ఇంకో చెయ్యి పడింది. గీరుకుపోయిన వేళ్ళు.

"చెయ్యి తియ్యి అప్పా" అనింది హనుమక్క. "ఆడ రెండుండె, ఈడ నాలుగుండాయంటివి కదా. లెక్క ఇంకా కాలేదు."

చెయ్యి తీసినా. ఆమె నా మణికట్టు వదల్లేదు. ఇంకో చేత్తో కణుపులు లెక్కపెడతానే ఉండాది. నేను కళ్ళు మూసుకున్నా. ఇరవై రెండు నిమిషాలకు లోపల ఫ్యాన్లు గట్టిగా తిరిగినాయి, తర్వాత నెమ్మదైనాయి, స్క్రీన్ మింద అక్షరాలు వచ్చినాయి. నాలుగు డిస్కులు. నాలుగింటికీ కొత్త ఫర్మ్‌వేర్. హాలహర్వి ముసలాయన మోకాలు తెరిచి చూసినా. ఉండాది.

కుర్చీలో కూర్చుని ఏడ్చినా. సార్ ముందర, హనుమక్క ముందర. సిగ్గు అనిపించలేదు. సార్ బయటికి పోయి ముగ్గురికీ టీ చెప్పినాడు.

సెప్టెంబర్ 29

మెమో వచ్చింది. సంతకం పెట్టినా. శోభ చదివి, నీ ఇంటిపేరులో అచ్చు తప్పు పోయింది, దిద్దించు అనింది. అదొక్కటే అనింది. తర్వాత నాకిష్టమని వంకాయ పులుసు చేసింది.

అక్టోబర్ 1, బుధవారం. ఆయుధ పూజ

హనుమక్క ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేసింది. ఎత్తినా. ఆపల్లా ఆపకుండానే బొట్టు పెట్టల్లా అని అడిగింది. ఆపకుండానే పెట్టు, తడిగుడ్డ వద్దు, పొడిగుడ్డతో తుడువు అన్నా. దేవునికి కోపం రాదా అనింది. రెస్టు వద్దని మిషనే అడిగిందని చెప్పు అన్నా. నవ్వింది. సంవత్సరం తర్వాత ఆమె నవ్వు విన్నా.

ఆదోని మిషన్‌కు నేనే బొట్టు పెట్టినా. బండి ఈసారి కడగలేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

తెల్లవారకముందు నుంచి దేవరగట్టు వాళ్ళు వస్తానే ఉండారు. స్కానులు నలభై ఒకటి. అన్నీ ఉండాయి. నిద్ర చాలలేదు.

అక్టోబర్ 4, శనివారం

పదకొండింటి నుంచి సర్వర్ రూములో కూర్చున్నా. పనేమీ లేదు. కొత్త ఫర్మ్‌వేర్ వేసినాక ఏమీ కాదని కంపెనీ రాసింది, నాకూ తెలుసు, అయినా కూర్చున్నా. సార్ ఒకసారి తలుపు తీసి చూసి, మళ్ళా వేసి పోయినాడు. ఆయనా గుర్తుపెట్టుకున్నాడు.

39,999.

పదకొండు ఇరవై. పదకొండు ఇరవై ఒకటి. 40,000 అని చూపించింది. ఫ్యాన్లు తిరుగుతానే ఉండాయి. పచ్చ లైట్లు నాలుగూ మిణుకుమంటానే ఉండాయి. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఇంత బాగుంటాదని నాకు తెలీదు.

లేచి లైటు ఆర్పబోతాంటే ఫోన్ మోగింది. హనుమక్క.

మొదటి రింగుకే ఎత్తినా.